కట్ట మీద గుండ్రటి వెలుగు

బుడమేరు పొంగిన ఏడాది, డిసెంబరు నెల. ఆదివారం మధ్యాహ్నం క్రిస్టినా చర్చి నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుంది. గుమ్మం దగ్గర రత్తమ్మ గొంతు వినిపించింది.

"స్టెల్లమ్మా, చేపలు తెచ్చా."

రత్తమ్మ రోజూ చీకటితోనే కాలవ కట్ట మీద నడిచి, మొదటి బస్సుకి బెజవాడ వెళ్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందు మొదట్లో కూర్చుని చేపలు అమ్ముతుంది. ఈ వేళకి ఇంకా అక్కడే ఉండాలి.

ఇవాళ ఆమె మోకాలికి గుడ్డ కట్టి ఉంది. కుంటుతూ వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఏమైంది రత్తమ్మా?" అంది క్రిస్టినా వాళ్ళ అమ్మ స్టెల్లమ్మ.

"పొద్దున కట్ట మీద పోతన్నానా, ఎదురుగా ఎవడో వొచ్చాడు. ఇంత లైటు. సరిగ్గా కళ్ళలో కొట్టాడు. చప్పుడు కూడా లేదు, కరెంటు బండి అయ్యుంటది. పక్కకి జరిగా. కాలు కట్ట మీద పడలా. బేసినుతో సహా కిందకి జారిపోయా."

"అయ్యో. మరి చేపలు?"

"బతికున్న కొర్రమీనులు గదమ్మా. సగం కాలవలోకి పోయినయ్యి. వాటి ఇంటికి అవి హాయిగా పోయినయ్యి, నేనే ఇంటికి రాలేకపోయా."

అమ్మ నవ్వు ఆపుకుంది. తమ్ముడు ఆరోన్ పకపకా నవ్వాడు. క్రిస్టినా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"వాడు ఆగలేదా?" అంది అమ్మ.

"లైటు దించు నాయనా అని అరిచా. ఆగితేగా. రేపటి నించి తెల్లారినాకే పోతానమ్మా, ఆ కట్టంటేనే భయమేస్తంది. కానీ ఆలస్యమైతే నా చోట్లో ఇంకొకళ్ళు కూచుంటారు. కూచున్నాక లేవరు."

"అక్క సైకిల్ లైటు ఇద్దామమ్మా," అన్నాడు ఆరోన్. "రత్తమ్మత్తకి దారి కనపడుద్ది."

"వొద్దులేరా. అక్కకి పాలు పోసి రావాలి గదా," అంది రత్తమ్మ. బేసినులోంచి ఒక చేప తీసి పక్కన పెట్టింది. "ఇది పాపకి. ఇష్టంగా తింటది."

క్రిస్టినా తల ఎత్తలేదు.

*

ఆ లైటు కొని వారం అయింది. రోజూ పొద్దున పాలక్యాను సైకిల్‌కి తగిలించుకుని పాల కేంద్రానికి వెళ్ళేది క్రిస్టినాయే. చలికాలం ఆ వేళకి ఇంకా చీకటి. అందుకని నాన్న జయపాల్ ఆమెను బెజవాడలో సైకిల్ కొట్టుకి తీసుకెళ్ళాడు.

కొట్టతను రెండు లైట్లు గోడ మీద వేసి చూపించాడు. ఒకదాని వెలుగు కిందే పరుచుకుంది. పైన గీత గీసినట్టు ఆగిపోయింది. రెండోది గుండ్రంగా గోడంతా నిండింది.

"మొదటిది సగమే ఉందేంటి?" అంది క్రిస్టినా.

"రోడ్డు మీదకి అంతే పాపా. ఎదుటోళ్ళ కళ్ళలో పడకుండా పైన ఆపేస్తారు. గుండ్రంది మట్టిదారులకి. కొమ్మలూ గోతులూ అన్నీ కనపడతయ్యి. నువ్వెక్కడ తొక్కుతావు?"

"పుంతలో."

అది నిజమే. వాళ్ళ ఇంటి నుంచి పొలాల మధ్యగా మట్టిదారి ఉంది. దాన్నే పుంత అంటారు. తుమ్మకొమ్మలు ముఖానికి తగులుతాయి. వరదకి గోతులు కూడా పడ్డాయి. కానీ పుంత దాటాక పాల కేంద్రం దాకా కాలవ కట్ట మీద తారు రోడ్డే.

"కట్ట మీద కూడా పోవాలి గదే," అన్నాడు నాన్న.

"గుండ్రందే కావాలి నాన్నా. సగం లైటు చూస్తే ఫ్రెండ్స్ నవ్వుతారు."

ఈ పొద్దున ఆ గుండ్రటి వెలుగులో ఎవరిదో ముఖం తెల్లగా మెరిసింది. చెయ్యి కళ్ళకి అడ్డం వచ్చింది. ఒక కేక. తర్వాత వెనక నీళ్ళలో చప్పుడు. క్రిస్టినా తిరిగి చూసింది. వెనకంతా చీకటే. బర్రె దిగిందిలే అనుకుని తొక్కేసింది. ఆ వేళకి ఎవరూ బర్రెల్ని వదలరని ఆమెకు తెలుసు.

*

సాయంత్రం చీకటి పడ్డాక, సైకిల్ హ్యాండిల్ పట్టుకుని లైటు వెయ్యమని ఆరోన్‌కి చెప్పింది క్రిస్టినా. తను దూరంగా వెళ్ళి, లైటుకి ఎదురుగా నడిచి వచ్చింది.

ఏమీ కనిపించలేదు. తన కాళ్ళు కూడా కనిపించలేదు. కోళ్ళకి నీళ్ళు పెట్టే చిప్ప మీద కాలు వేసింది. నీళ్ళు ఒలికాయి.

"ఏం ఆట అక్కా ఇది?" అన్నాడు ఆరోన్.

క్రిస్టినా సైకిల్ దగ్గరికి వచ్చింది. లైటు మర కొంచెం వదులు చేసింది. ఇప్పుడు చేత్తో పైకీ కిందకీ తిప్పొచ్చు. లైటుని వంచి, మళ్ళీ ఎదురుగా నడిచి చూసింది. ఈసారి నేల కనిపించింది.

ఆ రాత్రి చేపల కూర వడ్డిస్తే కడుపు నొప్పి అంది.

*

మర్నాడు పుంతలో లైటు పైకి ఉంచింది. కొమ్మలన్నీ కనిపించాయి. కట్ట ఎక్కే చోట దిగి, లైటు బాగా కిందకి వంచింది. మళ్ళీ సైకిలెక్కి నెమ్మదిగా తొక్కింది.

కొంత దూరం పోయాక వెలుగులో రెండు పాదాలు కనిపించాయి. ఒకటి కుంటుతోంది. ముఖం చీకట్లోనే ఉంది.

తెల్లవారాక వెళ్తానంది రత్తమ్మ. అయినా వచ్చింది.

క్రిస్టినా సైకిల్ దిగింది.

"ఎవరూ?"

"నేను అత్తా, క్రిస్టినాని."

"నువ్వా తల్లీ. నీ లైటు కళ్ళకి ఎంత సుఖంగా ఉందో. నిన్నటోడికి ఈపాటి బుద్ధి లేకపోయె."

పాలక్యాను మూత ఊరికే నొక్కింది క్రిస్టినా. అది గట్టిగానే ఉంది.

"అత్తా, నిన్న వచ్చింది కరెంటు బండి కాదు."

"మరి?"

క్రిస్టినా లైటు మీద చెయ్యి పెట్టింది. "నీ కేక విన్నా. నీళ్ళలో చప్పుడు కూడా విన్నా. ఆగలేదు."

బేసినులో చేప ఒకటి తోక కొట్టింది.

"రాత్రి కూర తిన్నావా?" అంది రత్తమ్మ.

"లేదు."

రత్తమ్మ బేసిను సర్దుకుంది. "నడు. బస్సు పోద్ది."

బస్సు ఆగే చోటు వెనక వైపు. పాల కేంద్రం ముందు వైపు. క్రిస్టినా సైకిల్ వెనక్కి తిప్పింది. కాలవ వైపు తను నడుస్తూ, వెలుగు రత్తమ్మ అడుగుల ముందు పడేలా హ్యాండిల్ పట్టుకుంది.