రామసుబ్బయ్య బిగించిన డోలు

పన్నెండు చేతిరుమాళ్లకు గంజి పెట్టి ఇస్త్రీ చేయాలి. హాల్లో తివాచీ చుట్టి పక్కన పెట్టాలి. పిండిలో మాంసం కూరి కజ్జికాయల్లా వేయించాలి. అన్నిటికన్నా ముందు, చిరిగిన డోలు బాగుచేయించాలి...

1992 జూలై తొమ్మిది, గురువారం. అర్జెంటీనా మేడమ్‌కు అది వాళ్ల దేశపు పండుగ. అరబ్బు దేశంలో, అల్ హైల్‌లో ఆమె ఇంట పనిచేసే పెంచలమ్మకు మాత్రం అది బతుకు తేలే రోజు! భర్త రామసుబ్బయ్య బర్కాలో ఖర్జూరపు తోట కూలీ. కారులో గంట దూరం. నాలుగేళ్లలో అతన్ని చూసింది ఐదుసార్లు. "నీ మొగుడు డోలు బాగుచేస్తే, మా ఆయన సాయెబుతో చెప్పి మా తోటపనికి మార్పిస్తాను" అని మేడమ్ మాటిచ్చింది.

చెట్టు మాను తొలిచి చేసిన ఆ డోలును బొంబో అంటారు. మేడమ్ తండ్రిది. దాని మోతకు ఆడామగా తెల్ల రుమాళ్లు ఊపుతూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు. ఆటంతా అయ్యేవరకు ఒకరినొకరు తాకరు. జాంబా అంటారట. మొదటిసారి చూసినప్పుడు పెంచలమ్మ వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుంది... ఈ దేశంలో తామిద్దరూ ఆడుతున్నదీ అదే ఆట కదా!

డ్రైవరు రియాజ్ డోలుతో పాటు ఆమెనూ బర్కా తీసుకుపోయాడు. రామసుబ్బయ్య ఎండకు కమిలి, ఎముకలు తేలి ఉన్నాడు. తాతల నాటి నుంచి డప్పులు కట్టిన చేతులు అతనివి. డోలు ఒళ్లో పెట్టుకుని తోలు తడిమాడు.

"ఎవడు మే దీన్ని కట్టింది? బొచ్చుతోనే బిగిచ్చినాడు. పనిరానోడు."

"అదంతా నీకెందుకయ్యా? ముందు ఎట్లుండెనో అట్లనే కట్టమనింది."

"అట్లనే కట్టేదానికి నేనెందుకు? నీ కోసం కడతాండా మే. అంతకన్నా బాగా కడతా."

"పది నిమిషాలే అక్కా, తోట యజమాని, అర్బాబ్ వస్తాడు" అన్నాడు రియాజ్. "మాటలు దాచిపెట్టుకో బావా. వచ్చే వారం నుంచి దినామూ తిట్లు తినాల గదా."

ముగ్గురూ నవ్వారు. భార్యాభర్తలు కలిసి నవ్వింది అదే ఆఖరు...

కాయలు కోసే అదనులో నాలుగు రోజులు డ్యూటీ ఎగ్గొట్టి, మేకతోలు సున్నంలో నానబెట్టి, ఒక్క వెంట్రుక లేకుండా గీకి, సెగకు కాచి బిగించాడు.

గురువారం సాయంత్రం మేడమ్ ఒక్క దెబ్బ వేసింది. ఖంగుమంది! మన ఊళ్లో అయితే పదిమంది లేచి అడుగు వేసే మోత. మేడమ్ ముఖం పాలిపోయింది.

"బొచ్చు ఏదీ?"

ఆ బొచ్చే మోతను అణిచి, దూరాన ఉరిమినట్టు మెత్తగా పలికించేదట. "మా నాన్న గొంతు పోయింది" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది... ఇస్త్రీ చేసిన రుమాళ్లను ఒక్కొక్కటే మళ్లీ పెట్టెలో సర్దేసింది.

పెంచలమ్మ కాళ్లమీద పడింది. "తప్పు నాదే మేడమ్, నేను గట్టిగా చెప్పలేదు. బొచ్చుతోనే మళ్లీ బిగిస్తాడు" అని వచ్చీరాని ఇంగ్లీషులో వేడుకుంది. సాయెబు ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. రామసుబ్బయ్య మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఎగ్గొట్టిన నాలుగు రోజులకు శిక్షగా అర్బాబ్ రామసుబ్బయ్య వీసా రద్దు చేయించాడు. విమానాశ్రయానికి పోయే బండి తమ వీధి ముందు నుంచే వెళ్తుందని రియాజ్ చెబితే, పెంచలమ్మ గేటు దగ్గర రెండు గంటలు నిలబడింది. బండి ఆగలేదు. కిటికీలోంచి ఒక చెయ్యి కనబడింది. ఆమె పెట్టెలోంచి తెచ్చుకున్న ఇస్త్రీ రుమాలు పైకెత్తింది. అంతే... తాకింది లేదు, మాట్లాడింది లేదు.

ఆమె కాంట్రాక్టు తీరకముందే, మరుసటేడు, కడపలో ఆయన జ్వరంతో పోయాడని ఉత్తరం వచ్చింది.

అమ్మలారా, ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. మీ వీధిలో ఎప్పుడైనా డప్పు మోగితే, చేతిలో పని ఒక్క క్షణం ఆపి రామసుబ్బయ్యను తలచుకోండి. భార్య కోసమని ఒక్క వెంట్రుకైనా మిగల్చకుండా గీకిన మనిషి ఆయన.