ఇది కావాలని ఎవరడిగారు?

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే కుర్రాణ్ణి స్నేహితులందరూ లిస్టు అని పిలిచేవారు. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. ఇతను పీకిన ప్రతి ఈకకూ వరస నంబరు వేసేవాడు.

పంతొమ్మిదేళ్ళ కిందట టీవీలో 'ఆఖరి రేవు' అని ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ వచ్చింది. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ, దానికో కెప్టెన్, నూట నాలుగు ఎపిసోడ్లు. ఎనిమిదేళ్ళ వయసులో చూసినప్పటి నుంచి అతనికి అదే వేదం. ఇన్నేళ్ళకు ఎవరికో బుద్ధి పుట్టి, ఆ ఓడ బయలుదేరకముందు ఏం జరిగిందో చెబుతూ 'తొలి ప్రయాణం' అనే ప్రీక్వెల్ తీశారు. మొత్తం ఎనిమిది ఎపిసోడ్లు, శనివారం సాయంత్రం ఆరింటికి ఒకటి చొప్పున ఇంటర్నెట్‌లో వస్తాయి.

రెండు ఎపిసోడ్లు పూర్తయ్యేసరికి అతను ముప్పై ఒక్క తప్పులు పట్టి ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో ఒకటో నంబరు తప్పు కూడా కాదు, ప్రశ్న. 'అసలు ఇది కావాలని ఎవరడిగారు?' దానికి నాలుగు వందల లైకులు వచ్చాయి. ఆదివారమంతా అతను దుకాణంలో కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాడు.

సోమవారం పొద్దున్నే ఒకమ్మాయి వచ్చి, రెండు ముక్కలైన కళ్ళజోడు కౌంటరు మీద పెట్టింది. ఎదురుగా ఉన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. ఒంటి మీద ఇంకా తెల్లకోటు ఉంది.

"ఎలా విరిగిందండీ?"

"మీద కూర్చున్నాను."

"చూసుకోలేదా?"

"కళ్ళజోడు లేకుండా ఎలా చూసుకుంటానండీ?"

జవాబు సబబుగానే ఉంది కాబట్టి అతను స్క్రూ తీయడంలో పడ్డాడు. ఆమె కాస్త వంగి, ఏ వస్తువు ఎక్కడుందో తెలియని చూపుతో అతని వైపు చూసింది. ఆ చూపు తనను చూడలేకపోతున్న చూపని అతనికి తెలుసు. అయినా చేతిలోంచి స్క్రూ జారింది.

"శనివారం ఎపిసోడ్‌లో ఇంజనీరు ఊపిరాడక పడిపోయాడండీ. ఏడుపొచ్చి కళ్ళజోడు తీశాను. బతుకుతాడా లేదా అని లేచి నిలబడ్డాను. బతికాడు. కూర్చున్నాను."

"తొలి ప్రయాణమా?"

"మీరూ చూస్తారా?"

"చూడను. పరిశీలిస్తాను." అతను లెన్సు తుడుస్తూ, తెలిసినవాడి చిరునవ్వు ఒకటి నవ్వాడు. "అయినా ఆ ఇంజనీరు గురించి అంత కంగారెందుకండీ? అసలు సీరియల్లో మొదటి ఎపిసోడ్ తొమ్మిదో నిమిషంలోనే పోతాడుగా."

 అతను బిగించిన కళ్ళజోడు ఆమె తీసుకుని పెట్టుకుంది. ఇప్పుడు అతన్ని స్పష్టంగా చూసింది. చూసినందుకు సంతోషించినట్టు లేదు.

"నేను పాతది చూడలేదు," అంది చివరికి.

ముప్పై రెండో తప్పు తానే చేశానని అతనికి అర్థమైంది.

"సరే, నాకు చెప్పారు. నేనేదో పడతాను. మా నాన్నకేం చెప్పాలి?" అంది ఆమె. "ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేశాడాయన. రెండేళ్ళ కిందట అమ్మ పోయాక కుర్చీలోంచి లేవడమే మానేశాడు. ఇప్పుడీ ఇంజనీరు నడుముకి పానా దోపుకుని తిరుగుతుంటే కళ్ళార్పకుండా చూస్తాడు. శనివారం వస్తోందని గడ్డం గీసుకుంటున్నాడండీ. అదీ మా ఇంట్లో సంగతి."

"సారీ అండీ."

"సారీ సరిపోదు. ఇంకా ఆరు శనివారాలున్నాయి. ఆయన పక్కన మొహం మామూలుగా పెట్టుకుని నేనొక్కదాన్నే కూర్చోలేను. మీరూ వచ్చి కూర్చోండి."

"నాకు దాచడం రాదండీ."

"నేర్పిస్తాను. రోజుకి అరవై మందికి సూది గుచ్చుతాను. అరవై మందికీ చీమ కుట్టినట్టుంటుందనే చెప్తాను."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి మీద ఆ విధంగా ఒక రహస్యం పడింది.

మొదటి శనివారం అతను ఆరుకు పది నిమిషాల ముందే వెళ్ళాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, రెండడుగులు లోపలికి వేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి వాటిని ఆమె చెప్పుల పక్కన వరసగా సర్దాడు. అది తన క్రమశిక్షణ అనుకున్నాడు.

"నాన్నా, ఈయనే నా కళ్ళజోడు బాగుచేసింది."

నున్నగా గడ్డం గీసుకున్న తండ్రి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "మొన్న కుళాయి బాగుచేసినతన్ని పిలవలేదేం?"

"సోఫా ఖాళీగానే ఉంది కదా నాన్నా."

తండ్రి కుర్చీలో, వాళ్ళిద్దరూ సోఫాలో కూర్చున్నారు. ఇంజనీరు తెర మీదకు వచ్చినప్పుడల్లా ఆమె మోచేత్తో అతన్ని పొడిచేది. పొడిచినప్పుడల్లా అతను "బాగుంది" అనాలి, అది ఒప్పందం. ఇంజనీరు చొక్కా పాత సీరియల్లో బూడిద రంగు, ఇందులో నీలం. కడుపు ఉబ్బిపోతున్నా అతను "బాగుంది" అన్నాడు.

రెండో శనివారానికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. మూడో శనివారం వాన. బస్టాపు దాకా గొడుగు పట్టుకుని వచ్చిన ఆమె, దారి పొడుగునా అతని లిస్టును నంబర్ల వారీగా ఉతికేసింది.

"పన్నెండో తప్పు, హెల్మెట్ గాజు మీద తుంపర నిలవకూడదని రాశావు. నీ కళ్ళజోడు మీద ఇప్పుడు ఏం నిలిచింది?"

"తుంపర."

"కొట్టెయ్యి పన్నెండు."

అతను కొట్టేశాడు. బస్సు వచ్చింది. ఎక్కకుండా, ఇది తన బస్సు కాదన్నాడు. ఆ వీధిలోకి వచ్చేది ఆ ఒక్క నంబరు బస్సే. ఆమెకూ ఆ సంగతి తెలుసు.

నాలుగో శనివారం ఆమె టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. తెర మీద ఇంజనీరు పానా తుడుచుకుంటున్నాడు. తండ్రి చిన్నగా నిట్టూర్చాడు.

"చివరికి కెప్టెన్ బల్ల మీద మిగిలేది ఈ పానాయే కదా పాపం."

అతను గిరుక్కున తిరిగాడు. ప్రీక్వెల్లో ఇంకా కెప్టెనే రాలేదు. ఆ పానా, ఆ బల్ల పాత సీరియల్లోవి.

"మీరు పాతది చూశారా అంకుల్?"

"నెమ్మదిగా మాట్లాడు. అమ్మాయి వింటుంది," అన్నాడు తండ్రి వంటింటి వైపు చూస్తూ. "దానికి తెలీదు. ఆ ఇంజనీరంటే దానికి ప్రాణం. తెలిస్తే శనివారాలు ఈ ఇంట్లో ఆ నవ్వు వినిపించదు. నువ్వు మాత్రం చెప్పకు బాబూ."

"చెప్పను అంకుల్."

"అది నాలా కాదు. ఏదైనా దాచిందంటే చెవులు ఎర్రబడతాయి. ఈమధ్య ఎందుకో ఎప్పుడూ ఎర్రగానే ఉంటున్నాయి." ఆయన అతని వైపు తీరిగ్గా చూశాడు. "కారణం వేరే అనుకుంటున్నాన్లే."

ఆమె టీ కప్పులతో వచ్చి మధ్యలో నిలబడింది. ఒకరి కోసం ఒకరు దాస్తున్న ఒకే రహస్యానికి తాను డబుల్ కాపలా అని అతనికి తెలిసింది. అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుని టీ తాగాడు.

ఆఖరి శనివారానికి ముందురోజు ఆమె దుకాణానికి వచ్చింది.

"రేపు ఇంజనీరు ఆ ఓడ ఎక్కేస్తాడట. నాన్న అది చూస్తే తర్వాతేమైందని పాతది వెతుక్కుంటాడు. ఎక్కేముందు నెట్ పోయేలా చెయ్యి."

"ఆఖరి ఎపిసోడ్ మధ్యలోనా?"

"నాన్న కోసం."

ఆమె వెళ్ళిన అరగంటకు తండ్రి ఫోన్ చేశాడు. "బాబూ, రూటరు నువ్వు కూర్చునే వైపే ఉంటుంది. అమ్మాయి కోసం కాస్త చెయ్యి చాపు."

ఆ ఓడ తలుపు మొట్టమొదటిసారి తెరుచుకోవడం చూడాలని పంతొమ్మిదేళ్ళుగా కాచుకున్నవాడు అతను. జ్వరం వచ్చినా ఒక్క నిమిషం వదిలిపెట్టినవాడు కాదు. శనివారం ఆరూ నలభైకి, ఎపిసోడ్ ముగియడానికి పదకొండు నిమిషాల ముందు, ఇంజనీరు ఓడ వైపు నడవడం మొదలుపెట్టగానే అతను సోఫా వెనక్కి చెయ్యి పోనిచ్చి వైరు పీకాడు. ఆ క్షణాన తాను ఈ అమ్మాయిని ఎంతగా ప్రేమిస్తున్నాడో అతనికి తెలిసింది. మరెవరి కోసమూ అతను ఆ పని చేసేవాడు కాదు.

తెర మీద చక్రం గిరగిరా తిరిగింది.

"అయ్యో, నెట్ పోయినట్టుంది," అన్నారు తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఒకేసారి, ఒకే రాగంలో.

ఎవరూ లేవలేదు. ఆగిపోయిన వస్తువును రెండు నిమిషాలు చూస్తూ ఊరుకోలేని లిఫ్టు మెకానిక్ కుర్చీలో కాళ్ళు చాపుకున్నాడు. ఆమెకు అనుమానం వచ్చింది.

"నాన్నా, లేచి చూడవేం?"

"నువ్వెందుకు లేవలేదు?"

ఇద్దరూ అతని వైపు తిరిగారు. చేతిలో వైరు ఉంది. తేలు కుట్టిన దొంగలా అది దాచబోయాడు కానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఎవరు పీకమన్నారు?" అన్నాడు తండ్రి, తానేమీ ఎరగనట్టు.

ఆరు వారాలుగా ఉబ్బిన కడుపు ఇక ఆగలేదు. "ఒకటి, మీరిద్దరూ పీకమన్నారు. రెండు, ఇంజనీరు పోతాడని మీ ఇద్దరికీ తెలుసు. మూడు, నాకు ఆఖరి పదకొండు నిమిషాలు చూడాలనుంది."

ఆమె తండ్రి వైపు తిరిగింది.

"నువ్వు పాతది ఎప్పుడు చూశావు నాన్నా?"

"వచ్చినప్పుడే. మీ అమ్మా నేనూ చూశాం. నీకు ఆరేళ్ళు, మీ అమ్మ ఒళ్ళో నిద్రపోయావు." ఆయన కళ్ళు నలుపుకున్నాడు. "తొమ్మిదో నిమిషంలో తలుపు పడి ఇంజనీరు పోయాడు. మీ అమ్మకి ఎంత కోపమొచ్చిందో. ఆ మనిషి ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఆ పానా ఎవరిచ్చారు, ఏమీ చెప్పకుండా చంపేస్తారా అంది. టీవీ వాళ్ళకి కార్డు రాసింది. అతని ముందు కథ చెప్పండి అని. రెండు నెలలు పోస్ట్‌మాన్ కోసం చూసింది."

ఆమె తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"ఇంటర్నెట్‌లో ఎవరో లిస్టు పెట్టారు, ఇది కావాలని ఎవరడిగారని," అన్నాడు తండ్రి. "తెలిస్తే చెబుదామనుకున్నాను. మా ఆవిడ అడిగింది."

అతను వైరు వదిలేశాడు. "అది రాసింది నేనే అంకుల్."

"తెలుసు. పక్కనే నీ ఫొటో ఉందిగా."

వైరు మళ్ళీ పెట్టారు. ఇంజనీరు ఓడ దగ్గరికి వెళ్ళాడు. ఎక్కేముందు తలుపు చట్రాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టాడు. బాగుచేసిన ప్రతి లిఫ్టునూ తానూ అలాగే తట్టేవాణ్ణని తండ్రి అన్నాడు. తలుపు మూసుకుంది. ముప్పై ఒక్క తప్పులు పట్టినవాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అతని చెయ్యి తీసుకుని, నరం వెతికేటప్పటిలా మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించింది.

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే," అంది తానూ ఏడుస్తూ.

పేర్లు పడుతుండగా అడిగింది. "మొత్తం ఎన్ని తప్పులు తేలాయి?"

"రాయడం మానేసి అయిదు వారాలైంది."

"అంత బాగుందా?"

"తెలీదు. తెర వైపు చూస్తే కదా తప్పులు దొరికేది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. దాచడానికి ఈసారి ఏమీ మిగల్లేదు.

"నాకు మొదటి శనివారమే తెలుసు," అన్నాడు తండ్రి. "వెనక్కెళ్ళి మరీ చెప్పులు దాని చెప్పుల పక్కన సర్దాడు."

"మరి ఒక్క మాటైనా అనలేదేం నాన్నా?"

"ఎలా ముగుస్తుందో ముందే చెప్తే మీరు చూస్తారా?"

అతను ఫోన్ తీసి లిస్టు తెరిచాడు. ఒకటో నంబరు చెరిపి, 'ఒకావిడ అడిగారు' అని రాశాడు. కింద మిగిలిన తప్పులన్నీ తీసేశాడు. తండ్రి అది చదివి తల ఊపాడు.

"వచ్చే శనివారం నుంచి పాతది మొదలుపెడదాం. మొదటి ఎపిసోడ్ మాత్రం పదో నిమిషం నుంచి."

జీవితంలో ఒక్క నిమిషం వదలనివాడు సరేనన్నాడు.

"వారానికొకటి చొప్పున నూట నాలుగు వారాలు," అని తండ్రి రిమోట్ పక్కన పెట్టాడు. "మధ్యలో పెళ్ళి పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. శనివారం మాత్రం పెట్టుకోకండి."