నట్టు మీద ఎర్ర చుక్క

"బ్యాటరీలు పొద్దున తెస్తామన్నారు. ఇప్పుడు సాయంత్రం."

తలుపు తీసిన అమ్మాయి చేతిలో లావుపాటి పుస్తకం ఉంది. విసిరేలా ఉంది.

"నారాయణగూడ చౌరస్తాల ట్రాఫిక్ జామ్, మేడమ్" అన్నాడు సృజన్.

"పొద్దుట్నుంచీనా?"

సృజన్ బ్యాటరీ మోసుకుంటూ లోపలికి నడిచాడు.

నారాయణగూడలో వాళ్ల నాన్న కిషన్ రావుకు ఇన్వర్టర్ల షాపుంది. డిగ్రీ అయ్యాక సృజన్ అందులోనే చేరాడు. అశోక్‌నగర్‌లోని ఈ ఇల్లు సూర్యనారాయణమూర్తిది. సెక్రటేరియట్‌లో ఉద్యోగం. ఒక్కతే కూతురు ఆమని. గ్రూప్ వన్‌కు ఇది రెండో ప్రయత్నం. ఈసారి ప్రిలిమ్స్ పాసవకపోతే పుస్తకాలు అటకెక్కించమని ఆయన ఖచ్చితంగా చెప్పేశారు.

తొంభై ఏడు ఎండాకాలం. రోజూ సాయంత్రం కరెంటు కోత. మెట్ల కిందున్న రెండు పాత బ్యాటరీలూ పది నిమిషాలకే చేతులెత్తేస్తున్నాయి.

సృజన్ పాతవి విప్పి బయటికి లాగాడు. కొత్తవి పెట్టి పానాతో నట్లు బిగిస్తుంటే, ఆమని తల్లి హైమవతి మజ్జిగ తెచ్చింది.

"పాతవే ఉంచెయ్యకూడదూ బాబూ? కాసేపైనా వెలిగేవిగా."

"కొత్తవి మూడు గంటలు వెలుగుతయి ఆంటీ."

ఆవిడ ముఖం మాత్రం వెలగలేదు. సృజన్ అది గమనించలేదు. అతను గమనిస్తున్నది వేరే ముఖాన్ని.

నాలుగు రోజులకే షాపులో ఫోన్ మోగింది.

"కరెంటు పోయింది. మీ బ్యాటరీలూ పోయాయి" అంది ఆమని.

సృజన్ వెళ్లి చూశాడు. బ్యాటరీకి తీగ బిగించే ఒక నట్టు వదులుగా ఉంది. బిగించి వచ్చాడు. మళ్లీ ఫోన్. మళ్లీ అదే నట్టు. మూడోసారి కిషన్ రావు పేపర్ మడిచి పక్కన పెట్టాడు.

"నువ్వు బిగించిన నట్టు ఎట్ల వదులైతదిరా? ఇంకోసారి ఫోనొస్తే మన మెకానిక్ ఈరన్న పోతడు. నువ్వు కౌంటర్ల కూసో."

నట్టు దానంతటది తిరగదు. ఎవరో తిప్పుతున్నారు. ఇంట్లో ఉండేది ముగ్గురు. ప్రతిసారీ ఫోన్ చేస్తున్నది ఒక్కరే. ఈ లెక్కకు వచ్చిన జవాబు సృజన్‌కు చాలా నచ్చింది. నీలం చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకుని అశోక్‌నగర్ వెళ్లాడు.

"మేడమ్, నన్ను చూడాలనుంటే షాపుకే రావొచ్చు కద. నట్టు తిప్పుడెందుకు?"

ఆమని అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"పరీక్ష పెట్టుకుని నా లైటు నేనే ఆర్పుకుంటానా? మీరే సగం బిగించి పోతున్నారనుకున్నాను, మళ్లీ రావొచ్చని. ఆ చొక్కా చూశాక అనుమానమే లేదు."

"నేనా? మా నాయన నన్ను షాపులకెల్లి ఎల్లగొట్టేటట్టున్నడు!"

ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు. అబద్ధం చెప్పే ముఖాలు కావవి.

"అయితే మూడో మనిషి" అంది ఆమని మెల్లగా.

"నెయిల్ పాలిష్ ఉందా?"

"మీకెందుకు?"

"తెండి జర."

సృజన్ నట్టు బిగించి, దాని మీద ఎర్రటి చుక్క మందంగా పెట్టాడు. "అయిపోయింది ఆంటీ, పోతున్న" అని గట్టిగా కేకేసి, గేటు అవతల స్కూటర్ పక్కన నిలబడ్డాడు. ఆమని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

కాసేపటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైటు వెలగలేదు.

ఇద్దరూ హాల్లోకి పరుగెత్తుకొచ్చేసరికి, మూర్తి టార్చి పట్టుకుని షాపు వాళ్లను తిట్టిపోస్తున్నారు. ఆ వెలుగులో హైమవతి కొవ్వొత్తి వెలిగిస్తోంది. ఆవిడ బొటనవేలు ఎర్రగా మెరిసింది.

"అమ్మా, ఆ వేలికేంటి?"

"కుంకుమ."

"తడి కుంకుమా?"

హైమవతి చెయ్యి కొంగులో దాచుకోబోయింది. తర్వాత ఎందుకులే అన్నట్టు కుర్చీలో కూర్చుంది.

"పాత బ్యాటరీలున్నప్పుడు పది నిమిషాలకే ఆరిపోయేవి. అందరం డాబా ఎక్కేవాళ్లం. నువ్వు కాలేజీ కబుర్లు చెప్పేదానివి. ఈయన పాటలు కూడా పాడేవారు. కొత్తవి వచ్చాక నువ్వు నీ గదిలో, ఈయన టీవీ ముందు. నేను గోడలతో మాట్లాడుకోవాలి. నీ చదువు పాడవుతుందని తెలుసే. అయినా చెయ్యి ఆగలేదు."

మూర్తి టార్చి ఆర్పేశారు.

"నాతో ఓ మాట చెప్పొచ్చుగా హైమా."

"చెప్పాను. న్యూస్ అయ్యాక అన్నారు."

సృజన్ మెట్ల కిందికి వెళ్లి నట్టు బిగించాడు.

ఒప్పందం ఆ పూటే కుదిరింది. కరెంటు పోగానే ఇన్వర్టర్ స్విచ్ ఆపి అరగంట అందరూ డాబా మీద. ఆ తర్వాత లైటు ఆమనిది, దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు.

గేటు దగ్గర ఆమని "సారీ" అంది.

"నేను గూడ. చొక్కా సంగతి మాత్రం నిజమే."

ఆమె నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఫోన్ రాలేదు. నట్టు మరీ బాగా బిగిస్తే ఎంత నష్టమో సృజన్‌కు అప్పుడు తెలిసింది. పని లేకపోయినా, పోటీ పరీక్షలవాళ్లు చదువుకునే చిక్కడపల్లి లైబ్రరీ మీదుగా తిరిగాడు. ఒకసారి ఆమె కనిపించింది. పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పిలవకుండా వచ్చేశాడు.

వానలు మొదలయ్యాయి. ప్రిలిమ్స్ ఫలితాలు పేపర్లో పడ్డాయి. సృజన్ ఆ పేజీ అంతా చూశాడు. ఆమె హాల్ టికెట్ నంబరు తెలియదని చివర్లో గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఫోన్ మోగింది.

"కరెంటు పోయింది. మీ బ్యాటరీలూ పోయాయి."

"ఈరన్నను పంపుత" అన్నాడు కిషన్ రావు.

"నేను పోత నాయనా" అంటూనే సృజన్ స్కూటర్ స్టార్ట్ చేశాడు.

అశోక్‌నగర్ చేరేసరికి అతను నిలువునా తడిశాడు, వాన ఆగింది. ఆమని టార్చితో తలుపు తీసింది.

"ప్రిలిమ్స్?"

"పాసయ్యాను. ముందు నట్టు చూడండి."

మెట్ల కింద వంగి నట్టు ముట్టుకున్నాడు. వదులుగా ఉంది. అతని వేలికి ఎర్రగా అంటింది.

"నేను పెట్టిన చుక్క ఎప్పుడో ఎండిపోయింది" అన్నాడు సృజన్. "ఇది తడిగున్నది."

ఆమని కుడిచెయ్యి వీపు వెనక్కి వెళ్లింది.

"ఈసారి ఎవరు?"

ఆమె చెయ్యి మెల్లగా ముందుకు చాపింది. బొటనవేలు ఎర్రగా ఉంది.

"కుంకుమ" అంది ఆమని.

డాబా మీంచి హైమవతి కేక వినిపించింది. "ఆ అబ్బాయిని పైకి తీసుకురావే, పకోడీలు చల్లారిపోతున్నాయి!"

వెనకే మూర్తి గొంతు. "నట్టు తర్వాత బిగిద్దువుగాని బాబూ. ముందు పైకి రా."

సృజన్ పానా జేబులో పెట్టుకున్నాడు.