పన్నెండు లంకల ప్రశ్న

2087 నాటికి గోదావరి లంకల్లో జనం పొద్దున్నే లేచి ముందుగా చూసేది గట్టునే. రాత్రికి రాత్రి అది ఎంత పెరిగిందో చూస్తే ఆ రోజు పని ఏమిటో తెలిసిపోయేది. మూరెడు పెరిగిందంటే గేదెల్ని మెరక మీదికి తోలుకోవాలి. జానెడే అయితే చేలోకి వెళ్ళొచ్చు. పిల్లలు దాని పక్కన నిలబడి తమ ఎత్తు కొలుచుకునేవారు. "దీనికేం పెడుతున్నార్రా, నాకంటే బేగా పెరిగిపోతంది" అని గునిసేవారు.

దాని పేరు జీవగట్టు. వట్టివేళ్ళ అల్లికలో ఒక సూక్ష్మజీవిని పెంచుతారు. వరదతో కొట్టుకొచ్చే ఒండ్రును అది పట్టి, సున్నంతో అతికించి, రాయిలా బిగిస్తుంది. లోపల పరిచిన సన్నటి తీగల్ని 'నాడులు' అంటారు. అవి సెన్సర్లు. నది ఒత్తిడి ఏ చోట ఎక్కువవుతుందో కనిపెట్టి, ఆ చోట సూక్ష్మజీవికి మేత అందిస్తాయి. వరద ఎంత బురద తెస్తే గట్టు అంత లేస్తుంది. నది చేతే దానికి అడ్డుగోడ కట్టించడమన్న మాట.

ఈ పద్ధతి కనిపెట్టి చాలా కాలమైంది. తొలి ప్రయోగాలకు మట్టి, వేళ్ళు తీసుకెళ్ళింది ఈ లంకల నుంచే. ఫలితాలు మాత్రం చందా కట్టినవాళ్ళే చదవగలిగే విదేశీ జర్నళ్ళలోకీ, అక్కడి నుంచి పేటెంట్లలోకీ వెళ్ళిపోయాయి. పెద్ద పెద్ద రేవు నగరాల చుట్టూ గట్లు లేచాయి. భూమిని వేడెక్కించిన పొగలో ఏ పాపమూ ఎరగని లంకలు మాత్రం ఏటా మునుగుతూనే వచ్చాయి.

డాక్టర్ గెడ్డం సువార్తది బొడ్డులంక. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. రాజమహేంద్రవరంలో డెల్టా పరిశోధన కేంద్రంలో చేరిన రోజున, తన ఊరి మట్టి మీద రాసిన వ్యాసాన్ని చదవబోతే తెర మీద తాళం బొమ్మ కనిపించింది. ఆ తాళం తీయించడానికే ఆమె సగం జీవితం ఖర్చయింది. ఆమెలాంటి వాళ్ళు దేశదేశాల్లో ఏళ్ళ తరబడి పోరాడితే బహిరంగ విజ్ఞాన చట్టం వచ్చింది. ప్రజల బతుకుతో ముడిపడిన ఏ పరిశోధనకీ ఇక తాళం ఉండకూడదు. సువార్త ఆ వ్యాసాలన్నీ తెలుగులోకి తెచ్చి, గట్టును లెక్కగట్టే యంత్రానికి మాట నేర్పింది. లంకల్లో దాన్ని గట్టయ్య అని పిలుస్తారు. పన్నెండు లంకల్లోనూ తూము పక్కన ఒక పెద్ద తెర ఉంటుంది. ఎవరైనా వెళ్ళి అడగొచ్చు. ఫోన్లోనైనా అడగొచ్చు.

చట్టంలో సువార్త పట్టుబట్టి రాయించిన మాట ఒకటుంది. జవాబులే కాదు, ప్రశ్నలు కూడా అడిగినవాళ్ళ పేరుతో సహా అందరికీ కనబడాలి. ఒకప్పుడు కంపెనీలు ఏ నేల మునుగుతుందో, ఏది నిలుస్తుందో చాటుగా అడిగి తెలుసుకుని, నిలిచే నేలంతా ముందే కొనేసుకున్నాయి. ఆ అన్యాయం మళ్ళీ జరగకూడదని ఆమె పట్టుదల. లంకల్లో మాత్రం ఆ నియమం కాలక్షేపంగా మారింది. టీ తాగుతూ పక్క లంక వాళ్ళ ప్రశ్నలు చదువుకోవడం అందరికీ అలవాటు. "సన్నలంక సూర్రావు మళ్ళీ అడిగాడ్రా, వాళ్ళావిడ పుట్టింటి నుంచి ఎప్పుడొస్తుందని. గట్టయ్య తన పరిధిలోది కాదన్నాడు."

ఆ ఏడు భాద్రపదంలో ఎగువన ఎప్పుడూ లేనంత వాన పడింది.

గట్టు ఎంత పెరిగినా నదికి ఎక్కడో ఒకచోట జాగా ఇవ్వాలి. అందుకే ప్రతి లంక గట్టుకీ ఒక తూము ఉంది. మామూలు వరదకి వంతు ప్రకారం ఒక్క లంక తూమెత్తి నీళ్ళు తీసుకుంటే సరిపోయేది. ఈసారి వంతులతో తీరేది కాదు. పన్నెండు తూములూ మధ్యాహ్నానికల్లా ఒక్కసారే జానెడెత్తు లేవాలని గట్టయ్య లెక్క తేల్చాడు. అందరి ఇళ్ళల్లోకీ మోకాలి లోతు నీళ్ళొస్తాయి. ప్రాణాలు పోవు. తూములు లేవకపోతే ఆ నీరంతా ఇసకతిప్ప మీద పడుతుంది.

ఇసకతిప్ప నది మధ్యలో ఉంది. సముద్రం మింగేసిన తీరపు పల్లెల నుంచి లేచొచ్చిన వాళ్ళు అక్కడ పాకలేసుకున్నారు. ఇసకలో వట్టివేరు నిలవదు. అందుకని వాళ్ళకి గట్టు లేదు.

పొద్దున్న పన్నెండు లంకల గట్టు సంఘాలూ తెరల మీద సమావేశమయ్యాయి. కేంద్రం పెద్ద భానుమూర్తి గారు ఒక్కొక్క లంకనే పేరు పెట్టి అడిగారు. అందరూ సరేనన్నారు. సువార్త బొడ్డులంక తూము దగ్గర నిలబడి విన్నది. ఆమెకి కళ్ళు చెమర్చాయి. అదయ్యాక భానుమూర్తి గారు ఆమెతో విడిగా మాట్లాడారు.

"సువార్తా, తూములు గట్టయ్య చేతికిచ్చేద్దామని నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను."

"మనుషుల ఇళ్ళు ముంచే పని యంత్రం చెయ్యకూడదు సార్. తెలిసి, ఒప్పుకుని, మనుషులే చెయ్యాలి. అందుకే కదా అన్నీ తెరిచి పెట్టాం."

"తెలిస్తే చేస్తారని నీ నమ్మకం."

"తెలియకపోతే అసలు చెయ్యలేరు కదండీ."

ఆయన నవ్వి తెర ఆపేశారు.

అంతలో తిప్ప మీది నుంచి పోలమ్మ ఫోన్ చేసింది. పోలమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. తిప్ప మీద ఏ తగువొచ్చినా ఆమె మాటే మాట.

"మందులియ్యని డాట్టరుగారండీ, నేను పోలమ్మని. పడవలు సిద్ధంగా ఉన్నాయండి. ఎల్లిపోమంటారా, ఉండమంటారా? ఎల్తే ఇప్పుడే ఎల్లాలండి. ఇంకాసేపుంటే సుడి ఎక్కువైపోద్ది, పడవ నిలవదు."

"పన్నెండు లంకలూ ఒప్పుకున్నాయి పోలమ్మక్కా. తిప్ప మీద చీలమండ దాటి నీళ్ళు రావు. ముసలివాళ్ళతో, పసిపిల్లలతో ఈ సుడిలోకి దిగొద్దు. ఉండండి."

"మీరు ఉండమంటే ఉంటామండి. మా సామాను మోసే బాధ తప్పించారు. ఓ తట్ట ఎండుచేపలు మీకు బాకీ."

సువార్త ఫోన్ పెట్టేసరికి అన్నయ్య దానియేలు గట్టెక్కి వస్తున్నాడు. బొడ్డులంక గట్టు సంఘానికి అతనే అధ్యక్షుడు. తూము ఎత్తే పిడి అతని చేతిలో ఉంది. ఎందుకో అతను చెల్లెలి మొహం చూడటం లేదు.

"పోయిన వంతు మనదే కదమ్మా" అన్నాడు.

"అవునన్నయ్యా."

"నారుమళ్ళు మొత్తం కుళ్ళిపోయాయి. నువ్వు ఊళ్ళో లేవు, చూళ్ళేదు. ఇంట్లో బురద ఎత్తిపోసీ ఎత్తిపోసీ మీ వదినకి నడుం పడిపోయింది."

"తెలుసు."

"ఇప్పుడింట్లో పచ్చి బాలింత ఉంది. నీ మేనకోడలే. బిడ్డ ఇంకా కళ్ళు సరిగ్గా తెరవలేదు."

"మంచం కింద రెండు వరసలు ఇటుకలు పెట్టండి. లేదా బడి మేడ మీదికి తీసుకెళ్ళండి."

"ఊరంతా ఆ మేడ మీదే ఉంటది చెల్లెమ్మా. బిడ్డని అక్కడ పడుకోబెట్టమంటావా? సరే, నీకు తెలిసినంత నాకు తెలవదు. ఒక్కటి అడుగుతాను. పదకొండు తూములు లేస్తున్నాయి కదా. మనదొక్కటీ లేవకపోతే ఏమవుద్ది?"

"అలా అనకూడదన్నయ్యా."

"అననులే. అడుగుతున్నానంతే. గట్టయ్యని అడగడం కూడా తప్పేనా?"

అడగడం తప్పని సువార్త ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. అడిగి తెలుసుకోండి అనే ఊరూరా తిరిగి చెప్పింది. పైగా సంఖ్య పెద్దదిగా కనబడితే అన్నయ్య తనంతట తనే ఆగిపోతాడనుకుంది. తెర ముందుకెళ్ళి అడిగింది.

"బొడ్డులంక తూము లేవకపోతే తిప్ప దగ్గర నీరు ఎంత పెరుగుతుంది?"

"రెండంగుళాలమ్మా" అన్నాడు గట్టయ్య.

దానియేలు గట్టిగా ఊపిరి వదిలాడు. "రెండంగుళాలు" అన్నాడు, బొటనవేలు చూపిస్తూ. "ఇంతే కదా. చీలమండ మీద ఇంత. దానికి మనమెందుకమ్మా మునగడం?"

సువార్త తల అడ్డంగా ఊపాలనుకుంది. బిడ్డ ఏడుపు గట్టు దాకా వినిపిస్తున్నట్టనిపించింది. రెండంగుళాల నీటికి ఎవరూ చనిపోరు. అది నిజం. గట్టయ్య తప్పు లెక్క ఎప్పుడూ చెప్పలేదు. ఆమె అవునని అనలేదు, కాదనీ అనలేదు. దానియేలు పిడిని భుజాన వేసుకుని గట్టు దిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమైంది. తూములెత్తే వేళ దాటింది. నది ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.

సువార్త తెర మీద ఒక్కొక్క లంకనే చూసింది. సన్నలంక తూము మూసి ఉంది. ఎర్రలంకదీ మూసే ఉంది. చివరి లంక దాకా చూసింది, అన్నీ మూసే ఉన్నాయి.

"గట్టయ్యా, వీళ్ళెందుకు ఎత్తలేదు?"

"వాళ్ళ నిర్ణయమమ్మా. తాము తూమెత్తకపోతే తిప్ప దగ్గర నీరెంత పెరుగుతుందని అందరూ అడిగారు. రెండంగుళాలని చెప్పాను. కొందరికి రెండుంబావు."

"పదకొండు లంకలూనా?"

"పదకొండూనమ్మా."

"అందరూ మూసుకుంటే ఏమవుతుందో చెప్పలేదా?"

"మొదటి సమావేశంలోనే చెప్పాను. మళ్ళీ ఎవరూ అడగలేదు. ఎవరికి వాళ్ళు తమ ఒక్క తూము గురించే అడిగారు."

"పొద్దున్న ఒప్పుకున్నారు కదా! ఇంతలో వీళ్ళందరికీ ఒకే ప్రశ్న ఎలా తట్టింది?"

"చదివారమ్మా. ఈ వేళ లంకల్లో అందరికంటే ఎక్కువమంది చదివింది ఆ ప్రశ్ననే."

"మొదట అడిగిందెవరు?"

"మీరేనమ్మా."

సువార్త తెర అంచు పట్టుకుంది. తన ప్రశ్న అక్కడే ఉంది, తన పేరుతో సహా. దాని కింద లంకల వాళ్ళు ఒకరితో ఒకరు అనుకున్న మాటలున్నాయి. 'చట్టం తెచ్చినావిడే తన ఊరి సంగతి చూసుకుంటుంటే మనకేంటి?' 'బొడ్డులంక ఎత్తట్లేదంట, మనమెందుకు ఎత్తాలి?' 'రెండంగుళాలేగా.' 'రెండంగుళాలే.'

ఆమె గట్టు మీద పరిగెత్తింది. "అన్నయ్యా! తూము ఎత్తు! ఎవరూ ఎత్తలేదు!"

దానియేలు తూము దగ్గరే ఉన్నాడు. అతని వెనక ఊళ్ళో మగవాళ్ళు సగం మంది నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

"చూశామమ్మా" అన్నాడు దానియేలు. "ఇప్పుడు మనమొక్కళ్ళం ఎత్తితే ఏమవుద్దో కూడా అడిగాం. పన్నెండు లంకల నీళ్ళూ మనలోకే వస్తాయంట. ఇంటి చూరు దాకా."

"అందర్నీ ఎత్తమందాం!"

ఆమె లంకలన్నిటికీ కబురు పెట్టింది. బతిమాలింది. జవాబులు వెంటనే వచ్చాయి. ముందు మీరు ఎత్తండి, మీ వెనకే మేమూ ఎత్తుతాం అని సన్నలంక రాసింది. మిగతా లంకలూ మాటలు అటూ ఇటూ మార్చి అదే రాశాయి. బొడ్డులంక మగవాళ్ళు ఆ జవాబులు చదివి తూముకి ఇంకొంచెం దగ్గరగా జరిగి నిలబడ్డారు. దానియేలు పిడిని కింద పెట్టలేదు, తూముకి తగిలించనూ లేదు.

సువార్త ఫోన్ మోగింది. పోలమ్మ.

వెనక గాలి హోరు. ఎవరో పిల్లల పేర్లు పెట్టి గట్టిగా పిలుస్తున్నారు.

"డాట్టరుగారండీ, నీళ్ళు నడుం దాకా వచ్చాయండి. పిల్లల్ని పాకల మీదికెక్కించాం."

"పడవలు, పోలమ్మక్కా! పడవలెక్కండి!"

"పడవలెక్కడున్నాయండి? విప్పి ఒడ్డుకి లాగేశాం కదా, ఆ పక్కంతా కొట్టుకుపోయింది. పొద్దున్న మావాళ్ళు సగం మంది భయపడి పడవలెక్కేశారండి. అప్పుడే మా కుర్రోళ్ళు ఫోన్లో మీ ప్రశ్న చూపించారు. తిప్ప దగ్గర నీరెంత పెరుగుద్దని మీరు అడిగారు కదండీ. చూడండర్రా, ఆవిడ మన కోసమే అడుగుతుంది, పొద్దున్నుంచీ మన ధ్యాసలోనే ఉంది అని నేనే అందర్నీ దింపేశాను."

సువార్త దానియేలు చేతిలోని పిడి వైపు చూసింది.

"రెండంగుళాలేనన్నాడు కదండీ గట్టయ్య. ఎక్కడో లెక్క తప్పినట్టుంది. ఎక్కడ ఆగుద్దో ఇంకోసారి అడిగి చెప్పరా? మీరడిగితే సరిగ్గా చెప్తాడు. చెప్పండమ్మా, వింటన్నాను."