వెలుతురా, చీకటా?

మా ఎక్స్‌రే విభాగంలో ఫిల్ములు కడిగే డార్క్‌రూం తలుపుకి గడియ లేదు. ఎప్పుడో ఊడిపోయింది. బాగుచేయించమని రాసిచ్చిన కాగితాలన్నీ ఏ బీరువాలో నిద్రపోతున్నాయో గానీ, గడియ మాత్రం రాలేదు. అందుకని మాకో అలవాటుంది. లోపలికెళ్ళాలంటే మూడుసార్లు తలుపు కొట్టి, "వెలుతురా, చీకటా?" అని అడగాలి. లోపల ఫిల్ము బయటికి తీసి ఉంటే "చీకటి" అంటాం. అప్పుడిక తలుపు ముట్టుకోకూడదు. కడగని ఫిల్ము మీద వెలుతురు పడిందా, కడిగాక మొత్తం నల్లగా వస్తుంది. "వెలుతురు" అంటే ఎవరైనా రావచ్చు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు చీకటి గురించీ, దాన్ని గెలిచే దేవుని వెలుగు గురించీ చెబుతుంటే నేను లోలోపల నవ్వుకునేదాన్ని. వారానికి ఆరు రోజులు చీకట్లోనే పని చేసేదాన్ని, నాకా చెబుతున్నారు అని. పొగరు. అచ్చంగా పొగరే.

ఆరు వారాల కిందట దర్జీ బాబాయి దగ్గు తగ్గట్లేదని వచ్చాడు. సొంత బాబాయి కాదు. ఆసుపత్రి గేటు ఎదురుగా కుట్టుమిషను పెట్టుకుని మా తెల్లకోట్లన్నీ ఆయనే కుడతాడు. ఛాతీ ఎక్స్‌రే తీశాను. డార్క్‌రూంలో ఆ ఫిల్ము వెలుతురు దూరని డబ్బాలో పెట్టేశాననే అనుకుని పెద్ద లైటు వేశాను. చూస్తే అది బల్ల మీదే ఉంది!

ఆ నెలలో అప్పటికే రెండు పాడుచేసి డాక్టరమ్మ చేత చివాట్లు తిన్నాను. ఇంకొకటి పాడైతే ఇంటికి పొమ్మంది. బాబాయిని మళ్ళీ పిలిస్తే సంగతి బయటపడుతుంది. అందుకని ఏం చేశానో తెలుసా? ఇంకెవరిదో శుభ్రమైన ఫిల్ము నకలుంటే, దాని మీద బాబాయి పేరు అతికించి పంపేశాను. పాడైనదాన్ని కడగను కూడా కడగలేదు. నల్ల కాగితంలో చుట్టి, ఖాళీ డబ్బా అడుక్కి తోసేశాను.

మర్నాడు పొద్దున్నే విభాగం తెరిచింది నేనే. ఇంకా ఎవరూ రాలేదు. అలవాటు చొప్పున తలుపు కొట్టి అడిగాను.

"చీకటి" అంది లోపలి నుంచి ఒక గొంతు.

అది నా గొంతు.

తలుపు తోసి లైటు వేశాను. ఎవరూ లేరు. మందునీళ్ళ పుల్లటి వాసన, కుళాయి కింద చుక్క చుక్కగా నీళ్ళ చప్పుడు. అంతే. సరిగ్గా నిద్రలేక భ్రమపడ్డానని సరిపెట్టుకున్నాను.

కానీ రోజురోజుకీ ఆ గది మారుతూ వచ్చింది. ఫిల్ముకి హాని చెయ్యదని మేం పెట్టుకునే ఎర్ర దీపం వెలుగు బల్ల దాకా వచ్చి ఆగిపోయేది. పుల్లటి వాసన వెనక ఇంకో వాసన... తడిసిన గుడ్డలు మూటకట్టి ఏళ్ళ తరబడి మర్చిపోతే వచ్చే ముక్కిపోయిన వాసన. నేను ఊపిరి పీల్చి వదిలాక, నా వెనకాల ఇంకెవరో వదిలేవారు. ప్రార్థన చేద్దామంటే నోట్లో మాట పెగిలేది కాదు. ఏ మొహం పెట్టుకుని చేస్తాను?

నిన్న మధ్యాహ్నం ఎండ దంచేస్తోంది. బాబాయి మళ్ళీ వచ్చి నా గది బయట బల్ల మీద కూలబడ్డాడు. చొక్కా ఆయనది కానట్టు వేలాడుతోంది.

"ఏమ్మాయ్, నీ చేతి చలవే! నా ఊపిరితిత్తులు కుర్రాడివిలా ఉన్నాయట, ఎక్స్‌రే చూసి డాక్టరమ్మే చెప్పింది. ఇది ఉత్త దగ్గేనట. మళ్ళీ మందు రాసింది" అన్నాడు నవ్వుతూ. నవ్వు మధ్యలోనే దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకుని వెంటనే మడిచేశాడు. అయినా ఆ ఎరుపు నేను చూశాను.

పనున్నట్టు డార్క్‌రూంలోకి దూరి తలుపేసుకున్నాను. ఏదో ఒకటి చెయ్యాలని కొత్త ఫిల్ముల డబ్బా మూత తీశాను.

ఎర్ర దీపం ఆరిపోయింది.

"చెప్పకు" అంది నా గొంతు, నా చెవి పక్కనే.

కదల్లేదు నేను.

"చెబితే ఉద్యోగం పోతుంది. పరువు పోతుంది... ఎలాగూ ముసలాడే కదా."

స్విచ్చు కోసం చెయ్యి చాచాను. గోడ తగల్లేదు. ఇంకా చాచాను. నాలుగడుగుల గదిలో గోడ లేదు! మణికట్టు చుట్టూ సన్నగా, పొడుగ్గా, తడిగా... వేళ్ళు. ఒక్కొక్కటే బిగుసుకున్నాయి.

"డబ్బా మూత తీసి ఉంది. లైటు వేస్తే అన్నీ పోతాయి. ఇక్కడే ఉండు... ఇక్కడ ఎవరికీ కనబడవు."

టక్. టక్. టక్.

"అమ్మాయ్! ఎంతసేపు?" బయట బాబాయి. రోజూ మమ్మల్ని చూసి నేర్చుకున్నాడు కాబోలు, వేళాకోళంగా అడిగాడు. "వెలుతురా, చీకటా?"

"చీకటి" అంది నా గొంతు.

"సరే తల్లీ, పనిలో ఉన్నావు. నేను వెళ్ళొస్తా." చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్తున్న చప్పుడు. ఒక అడుగు. రెండు. దగ్గు. మూడు...

ఆయన వెళ్ళిపోతే చచ్చిపోతాడు. చంపింది నేనే అవుతాను.

"యేసయ్యా!" ఆరు వారాల తర్వాత నోరు పెగిలింది. "వెలుతురు! బాబాయ్, వెలుతురు! తలుపు తియ్యి!"

తలుపు బార్లా తెరుచుకుంది. మిట్టమధ్యాహ్నపు ఎండంతా ఒక్కసారిగా లోపల పడింది. వేళ్ళు జారిపోయాయి. గోడ ఎక్కడుండాలో అక్కడే ఉంది. తెరిచిన డబ్బాలో ఫిల్ములన్నీ నాశనం. పోతే పోయాయి! నేను బాబాయి కాళ్ళ దగ్గర కూర్చుని, వరండాలో అందరూ వింటుండగానే జరిగిందంతా చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "ముందు ఇంకోటి తియ్యమ్మా" అన్నాడు.

తీశాను. ఎడమ ఊపిరితిత్తిలో పైన మచ్చ. డాక్టరమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. కానీ ఆయనతో మాత్రం మెత్తగా, "భయం లేదు, మందులకి లొంగుతుంది. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే నేనేం చెప్పగలిగేదాన్ని కాదు" అంది. అది విని నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. ఇవాళ పొద్దున డాక్టరమ్మ ఆ దాచిన ఫిల్ము కడిగి తెమ్మంది. "వెలుతురు పడిందండీ, నల్లగా తప్ప ఏమీ రాదు" అన్నాను. "రానీ. సాక్ష్యానికి కావాలి" అంది.

కడిగి, తడి ఆరకుండానే తెచ్చి ఫిల్ములు చూసే లైటు పెట్టె మీద పెట్టాను. ఇద్దరం చూశాం.

అనుకున్నట్టే నలుపు. కానీ మధ్యలో ఒక చెయ్యి. వెలుతురు పడకుండా ఎవరో ఫిల్ముకి అరచెయ్యి అడ్డం పెట్టినట్టుంది. ఆ చెయ్యి ఉన్నంత మేరా ఎక్స్‌రే చెక్కుచెదరలేదు. బాబాయి పక్కటెముకలు, ఎడమ ఊపిరితిత్తి, పైన ఆ మచ్చ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"లైటు వేసినప్పుడు లోపల ఇంకెవరున్నారు?" అంది డాక్టరమ్మ. ఆమె గొంతు తగ్గిపోయింది.

"ఎవరూ లేరండీ."

నా చెయ్యి దాని మీద పెట్టి చూశాను. నాది చాలా చిన్నది. నా మణికట్టు మీద నిన్నటి కమిలిన గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆ సన్నటి వేళ్ళకీ, ఫిల్ము మీది ఈ వేళ్ళకీ పోలికే లేదు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని వంగి చూసింది.

"మరి ఇదేంటి?"

ఆ చేతి మధ్యలో శనగగింజంత గుండ్రటి నల్ల చుక్క, మేకు దిగిన చోటులా. అక్కడొక్కచోటే వెలుతురు చేతిలోంచి దూరి కిందికి దిగింది.