సెలవని చెప్పిన రోజు

కుక్కర్ మూడో కూత వేసేసరికి అమ్మ తయారైపోయింది. వీధి చివర తన కుట్టుదుకాణం ఆ రోజు తెరవడం లేదు. పిల్లల క్యాన్సర్ మందులు ప్రతి పెద్దాసుపత్రిలో ఎప్పుడూ నిల్వ ఉండేలా చట్టం తేవాలని ఏడాదిగా తోటి తల్లులతో కలిసి ఆమె ఎక్కని గడప లేదు. ఇవాళ శాసనసభ కమిటీ ముందు మాట్లాడే వంతు ఆమెది.

బల్లమీద అట్టకు అంటించిన ఫొటో చూసి కూతురు ఆగిపోయింది. ఆరేళ్లప్పటి తను, నున్నటి గుండుతో.

“మళ్లీ ఇదేనా అమ్మా?”

“చూస్తేనే వాళ్ల మనసు కరుగుతుందే, పిచ్చుకా.”

“కరిగేది వాళ్ల మనసు, నలిగేది నేను! పేపర్లో పడ్డప్పట్నుంచి క్లాసులో అందరూ నన్ను గాజుబొమ్మలా చూస్తున్నారు. ఆటలకి పిలవడమే మానేశారు.”

“నీలాంటి పిల్లల కోసమేగా...”

“నన్ను అడిగావా? ఒక్కసారైనా?”

గడ్డం గీసుకుంటున్న నాన్న అక్కణ్నుంచే కసిరాడు. “అమ్మతో మాట్లాడే పద్ధతేనా అది?”

“మీరుండండి,” అంది అమ్మ. “అడగలేదు. నిజమే.”

ఊరందరినీ ఒప్పించిన తనకు ఇంట్లో పిల్లను అడగాలని ఎందుకు తట్టలేదో! ఫొటో తీసి బీరువాలో పెట్టేసింది. కూతురు మాత్రం స్కూలు మానేసి వెంట బయల్దేరింది.

“ఏం చెబుతావో నేనూ వింటా.”

శాసనసభలో కమిటీ అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుంది. “మీ పాప గురించి చెప్పండమ్మా.”

అమ్మ లేచి, వెనక వరుసలో కూర్చున్న కూతురి వైపు ఒకసారి చూసింది.

“మా అమ్మాయి సంగతి తనదండీ. నా సంగతి చెబుతాను. ఒకరోజు పిల్లకి మందు ఎక్కించాలి. ఆసుపత్రిలో లేదన్నారు. షాపులన్నీ తిరిగాను, దొరకలేదు. వార్డుకొచ్చి, ‘ఇవాళ డాక్టరుగారు నీకు సెలవిచ్చారే’ అన్నాను. పిల్ల మంచమెక్కి గంతులేసింది. నేను పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను. లోపల ప్రాణం పోతోంది. ఏ తల్లికీ అలా చప్పట్లు కొట్టాల్సిన గతి పట్టకూడదండీ.”

వచ్చే సమావేశంలో ఈ బిల్లే మొదట పెడతామని అధ్యక్షురాలు మాటిచ్చింది.

బయట వరండాలో కూతురి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“అది సెలవు కాదా అమ్మా? ఆసుపత్రిలో నాకు గుర్తున్న మంచిరోజు అదొక్కటే.”

“పాడుచేశానే తల్లీ...”

“లేదు. నాకది ఇప్పటికీ మంచిరోజే. నువ్వే చేశావు దాన్ని.” చెయ్యి పట్టుకుంది. “ఈసారి పిలిస్తే నేను మాట్లాడతా. నా మాటల్లో.”

వార్డులో ఏనాడూ పిల్ల ముందు కంటతడి పెట్టని ఆ తల్లి, జనం వచ్చిపోయే ఆ వరండాలో కూతురి భుజంమీద తలవాల్చి భోరుమంది.