కొరికిన రొట్టె

ఐజిరెక్ పిండి ముద్దను బల్ల మీద పెట్టి పొడుగాటి కర్రతో వత్తుతోంది. వత్తిన కొద్దీ ముద్ద పళ్లెమంతయింది, పళ్లెం దుప్పటంతయింది. నిన్న పొద్దున్న మొదలైన మంచు ఇంకా ఆగలేదు. కిటికీలోంచి చూస్తే దొడ్డి కంచె కొసలు మాత్రమే కనిపిస్తున్నాయి. పొయ్యిలో పిడకలు కణకణలాడుతున్నాయి. కుండలో గొర్రె మాంసం ఉడుకుతోంది.

ఇలాంటి రోజున ఆ కొండ ఊళ్లో ఏ ఇంట చూసినా కెస్మె వండుతారు. కత్తితో సన్నగా కోసిన పిండి పోగుల్ని మాంసం చారులో వేసి, పొగలు కక్కుతుండగా జుర్రుకుంటే ఎముకల్లో దూరిన చలి కూడా దిగిపోతుంది. అది నవ్వుకుంటూ వండుకునే వంట. ఈ ఇంట్లో మాత్రం రాత్రి ఎవరూ కన్ను మూయలేదు.

ఐజిరెక్ భర్త కుత్మన్ మొన్న పొద్దున్న గుర్రమెక్కి కనుమ అవతలి దొడ్డికి వెళ్లాడు. అక్కడున్న మూడు చూలు గుర్రాలను తోలుకొని నిన్న చీకటి పడేలోగా రావాలి. రాలేదు. కనుమలో ఫోన్లు పలకవు.

"ఇవి పోగులటే, జీను పట్టీలా?" అంది అత్త కనిషాయ్, కోడలు కోసిన వాటిని వేళ్లతో ఎత్తి చూస్తూ. "ఇంత లావుగా కోస్తే మీ మామ నమిలినట్టే. ఆయనకున్నవే మూడు పళ్లు."

"చేతులు వణుకుతున్నాయి, అపా." అత్తను తల్లిలాగే అపా అని పిలుస్తుంది ఐజిరెక్.

"వణికితే వణకనీ. వేలు మాత్రం కోసుకోకు. నలుగురికీ సరిపడా కొయ్యి."

నలుగురికీ. ఆ మాట వినగానే ఐజిరెక్ తల వంచుకుని కత్తి ఆడించింది.

పొయ్యి పక్కన మామ జుమబాయ్ జీను పట్టీ కుడుతున్నాడు. కుడుతున్నాడన్న మాటే గానీ, తెల్లారిన దగ్గర్నుంచీ తోలు కుట్టే ఆరె అదే కన్నంలో దిగుతోంది, అదే కన్నంలోంచి పైకి వస్తోంది.

ఉన్నట్టుండి బయట కుక్క మొరిగింది. ముగ్గురి చేతులూ ఆగిపోయాయి. కనిషాయ్ చెప్పులు కూడా వేసుకోకుండా తలుపు దగ్గరికి పరుగెత్తి రెక్క లాగింది. మంచు గాలి రివ్వున లోపలికి కొట్టింది. పశువుల పాక కప్పు మీంచి మంచు గడ్డ జారి పడినట్టుంది, కుక్క దాన్ని చూసి మొరుగుతోంది. దారి మీద గుర్రమూ లేదు, మనిషీ లేడు. అసలు దారే లేదు.

ఆమె తలుపు మూసి, దానికే వీపు ఆనించి నిలబడిపోయింది. పెదవులు పాలిపోయాయి.

ఐజిరెక్‌కు అత్త ముఖం చూడగానే అనిపించింది, ఏదో ఒక ధైర్యం చెప్పాలి. "వచ్చేస్తాడు అపా. దొడ్డిలోనే ఆగిపోయి ఉంటాడు. అయినా రొట్టె కొరికే వెళ్లాడు కదా!"

దూరం వెళ్లేవాడు గడప దాటే ముందు రొట్టె ఒక్క కొరుకు కొరకాలి. మిగిలింది ఇంట్లో దాస్తారు. అతను తిరిగొచ్చి తినేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. మనిషిని ఇంటికి లాక్కొచ్చేది ఆ రొట్టేనని వాళ్ల నమ్మకం. కుత్మన్ రొట్టె తెల్లగుడ్డలో మూటగా గోడ మేకుకు వేలాడుతోంది.

"ఆ మాట ఇంకోసారి అనకు!"

కనిషాయ్ అరుపుకు ఐజిరెక్ చేతిలో కత్తి బల్ల మీద పడింది. అత్త విసవిసా వెళ్లి మూట దింపి, ముడి విప్పి, రొట్టెను కోడలి ముఖం ముందు పెట్టింది.

"చూడు. బాగా చూడు. తొమ్మిదేళ్లప్పుడు గుర్రప్పిల్ల తన్ని నా కొడుక్కి ముందు పన్ను సగం విరిగింది. వాడు కొరికితే మధ్యలో గట్టులా మిగులుతుంది. ఇక్కడ గట్టేదీ? అన్నీ ముత్యాల్లాంటి పళ్లే. ఎవరివే ఇవి?"

ఐజిరెక్ పిండి అంటిన చేతుల్తోనే నోరు మూసుకుంది.

"మొన్న సాయంత్రమే చూశాను," కనిషాయ్ గొంతు పగిలింది. "చూసి కూడా మళ్లీ కట్టి పెట్టాను. వాడివే, వాడివే అని నాకు నేనే చెప్పుకున్నాను. నిన్న రాత్రంతా ఈ గోడకేసి చూస్తూ అదే జపం చేశాను. ఇంక నా వల్ల కాదు. చెప్పు, వాడు కొరికాడా లేదా?"

"లేదపా." ఐజిరెక్ నేల మీద కూలబడింది. "మీరు పాలు పితకడానికి వెళ్లారు. ఆయన టీ కూడా తాగకుండా లేచారు. రొట్టె పట్టుకుని గుమ్మం దాకా పరుగెత్తాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. మీరొచ్చి కొరికాడా అని అడిగితే... భయమేసి ఊఁ అన్నాను. మీరు చెయ్యి కడుక్కుని వచ్చేలోగా నేనే కొరికాను."

"టీ కూడా తాగకుండానా? ఎందుకు లేచాడు?"

ఐజిరెక్ తలెత్తి పొయ్యి వైపు చూసింది. ఆరె చప్పుడు ఆగిపోయింది.

పెళ్లయి రెండేళ్లు. ఇన్నాళ్లలో ఐజిరెక్ మామగారికి ఎదురుగా నిలబడి గొంతెత్తింది లేదు. టీ గిన్నె అందించినా ముఖం పక్కకు తిప్పుకునే అందించేది. ఇప్పుడు ముఖం తిప్పుకోలేదు.

"ఆకాశం బాగాలేదు, రెండు రోజులాగి వెళ్తానన్నారు ఆయన. మంచుకు వణికేవాడికి టోపీ ఎందుకురా, నీ పెళ్లాం తలగుడ్డ కట్టుకో అన్నారు మీరు. నా ఎదురుగానే అన్నారు." ఆమె పిండి చేతుల్ని ఒళ్లో గట్టిగా పట్టుకుంది. "నేను అడ్డుపడలేదు. కోడల్ని కదా, నోరెత్తకూడదు కదా! ఆ ఒక్క రోజు నోరెత్తి ఉంటే..."

కుండ పొంగి చారు పొయ్యిలో పడింది. ఎవరూ కదల్లేదు. కాలిన కొవ్వు వాసన గదంతా నిండింది.

మెల్లగా కనిషాయ్ వంగింది. కొడుతుందేమోనని ఐజిరెక్ భుజాలు ముడుచుకుంది. అత్త ఆమె పక్కనే నేల మీద కూర్చుని, తల లాగి ఒళ్లో పెట్టుకుంది.

"పిచ్చిదానా! రెండ్రోజులు ఇంత బరువు ఒక్కదానివే మోశావా? నేనేమో గోడకు చెప్పుకున్నాను, నువ్వేమో పిండికి చెప్పుకున్నావు. ఒకరికొకరం చెప్పుకుని ఉంటే కాస్త ఏడ్చుకునైనా ఉందుం."

ఇద్దరూ ఏడ్చారు. ఏడుపు మధ్యలోనే కనిషాయ్ చెయ్యి చాచి కుండ పక్కకు జరిపింది. "లే. పోగులు ఎండిపోతాయి. నలుగురికీ అన్నాను, నలుగురికీ వండుదాం."

జుమబాయ్ లేచాడు. పట్టీ పక్కన పెట్టాడు. గొర్రెతోలు కోటు తొడుక్కుని నడుము బిగించాడు, గోడ మీది తాడు చుట్ట భుజాన వేసుకున్నాడు.

"ముసలాడా, ఎక్కడికి?" కనిషాయ్ కంగారుగా లేవబోయింది. "నీ మోకాళ్లు చూసుకో! అవతలి ఇంట్లో వాళ్లనైనా తోడు పిలువు. నిన్నే!"

ఆయన కింద పరిచిన భోజనాల గుడ్డ మీదున్న కొత్త రొట్టె అందుకున్నాడు. నోటికి పెట్టుకుని గట్టిగా కొరికాడు. రొట్టె అంచున మూడే మూడు గాట్లు పడ్డాయి. నమిలి మింగి, మిగిలిన రొట్టెను రెండు చేతులా పట్టుకుని కోడలి ముందుకు చాచాడు.

ఐజిరెక్ కూడా రెండు చేతులా అందుకుంది. మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో ఉన్నది కోపం కాదు. రెండు రోజులుగా తన గుండెలో ఉన్న భయమే.

జుమబాయ్ టోపీ చెవుల మీదికి లాక్కుని తలుపు తీసి, మంచులోకి వెళ్లిపోయాడు.